ధారావాహిక ప్రేక్షకుల కథాపూరణము : ఒక యాడికి నోటుపుస్తకము

ఒకరు చెప్పిన కథను వినినవారు దానిని మఱల తమ నోట చెప్పుట, చెప్పునప్పుడు కొంత చేర్చుట, కొంత విడుచుట తెలుగు సాహిత్యమునకు పుట్టుకతో వచ్చిన గుణము. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును పూరించిన ఎఱ్ఱన, దానిని రాజరాజనరేంద్రునకే అంకితముగా నడపెను. తిక్కన నిర్వచనోత్తర రామాయణమున శ్రీరామ నిర్యాణమును వ్రాయక విడువగా, జయంతి రామభట్టు ఆ కొఱతను తీర్చెను. పోతన భాగవతమున గంగన, సింగన, నారయల చేతులు కలవు. ఇవి యన్నియు విద్యార్థు లెఱిగిన సంగతులే. వీనిని పూరణములని గౌరవముతో పేర్కొను మనము, నేడు టెలివిజన్ ధారావాహికను చూచి, ఆ పాత్రలతోనే తన కథను తాను వ్రాసికొను బాలిక నోటుపుస్తకము కంటబడినప్పుడు మాత్రము కాలక్షేపమని ప్రక్కన బెట్టుచున్నాము. ఈ భేదము ఎంతవఱకు న్యాయమో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఇంగ్లీషున ఇట్టి రచనను 'ఫ్యాన్ ఫిక్షన్' అందురు. దానిని అభిమాన కథ యని తెలిగింపవచ్చును గాని, మేము కథాపూరణమను మాటనే గ్రహించుచున్నాము. అభిమానమనగానే మన దేశమున పాలాభిషేకములు, నిలువెత్తు బొమ్మలు, ఈలలు మనసునకు వచ్చును. అంతేకాక ఆ మాట, రచనకు మూలము అభిమానమే యని ముందుగానే తీర్పు చెప్పుచున్నది. మేము పరిశీలించినంతలో మూలము అభిమానము గాదు, అభియోగము. కథకుడు తన పాత్రకే అన్యాయము చేసెనని ప్రేక్షకుడు మోపు అభియోగము. అభిమానము లేనిదే అట్టి అభియోగము పుట్టదు, నిజమే. కాని అభిమానము మాత్రమే యున్నవాడు మఱునాడు అదే వేళకు వచ్చి తెఱ యెదుట కూర్చుండును, కలము పట్టడు.

మన దేశమున ధారావాహిక ప్రేక్షకుడు కలము పట్టుట విరివిగా ఉత్తర రూపమున జరిగినది. దూరదర్శన్ 1984 జూలై 7న ప్రారంభించి 1985 డిసెంబరు వఱకు ప్రసారము చేసిన 'హమ్ లోగ్' నకు రచయిత మనోహర్ శ్యామ్ జోషి. ప్రతి భాగము చివరను నటుడు అశోక్ కుమార్ ప్రేక్షకులతో మాటలాడెడివాడు. ఈ ధారావాహికకు నాలుగు లక్షలకు పైగా ఉత్తరములు వచ్చినట్లు దీనిని పరిశోధించిన అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్సు అంచనా వేసిరి. వ్రాసినవారిలో అనేకులు పాత్రలు నిజముగా బ్రదికియున్న బంధువులైనట్లు వారికి బుద్ధులు చెప్పిరి.

ఇచట వ్యాకరణ పరిభాష మనకు అక్కఱకు వచ్చును. ఉత్తరము విధ్యర్థకమున గాని, చేదర్థకమున గాని నడచును. ఈ పెండ్లి చేయవలదు. అతడు నిజము చెప్పినచో బాగుండును. కథ యట్లు గాదు; కథకు భూతార్థకము ప్రాణము. అతడు నిజము చెప్పెను. 'చెప్పినచో' అను మాటకును 'చెప్పెను' అను మాటకును నడుమ నున్న దూరము రెండక్షరములే. కాని మొదటి మాటను వాడినవాడు కథపై అధికారము పరులదని ఒప్పుకొనుచున్నాడు. రెండవ మాటను వాడినవాడు ఎవ్వరి అనుమతిని కోరక ఆ అధికారమును తాను గ్రహించినాడు. ప్రేక్షకుడు రచయిత యగు క్షణమును పట్టుకొనగోరు పరిశోధకుడు, క్రియాపదము మాఱిన చోటును వెదకవలెనని మా ప్రతిపాదన. ఇది వట్టి ఊహ కాదని ముందు చూపెదము.

అంతకు పూర్వము ఉత్తరములతో తృప్తి చెందని ప్రేక్షకులను గుఱించి ఒక్క మాట. రామానంద సాగర్ 'రామాయణ్' 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31న ముగిసెను. ఉత్తరకాండ లేకయే కథ ముగియనున్నదని తెలిసి, వాల్మీకిని తమ మూలపురుషునిగా కొలుచు పారిశుద్ధ్య కార్మికులు జలంధర్‌లో పని మానిరి. తరువాత 'ఉత్తర రామాయణ్' ప్రసారమయ్యెను. హిందీ ముక్క రాని మా సీమ అవ్వలకు కూడ కథ అంతటితో ఆగుట వింతగానే తోచినది. వారు 1963 నాటి 'లవకుశ' చిత్రమును ఎన్ని మార్లు చూచిరో వారికే తెలియదు. పట్టాభిషేకమునకు తరువాతనే గదా అసలు కథ యని వారి నమ్మకము. ఈ నమ్మకమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మఱల దీనితో పని కలదు.

ఇక ప్రస్తుత ధారావాహిక. 'కార్తీక దీపం' స్టార్ మా ఛానలున 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23న ముగిసెను. భాగములు పదునైదు వందలకు పైబడినవి. మలయాళ ధారావాహిక 'కరుత్తముత్తు' దీనికి మూలము. రెండింట నాయిక ప్రేమీ విశ్వనాథే. వైద్యుడైన కార్తీక్ తనకు సంతానయోగ్యత లేదని నమ్మి, గర్భవతియైన భార్య దీప శీలమును శంకించును. ఆ నమ్మకము వెనుక అతనిని కోరు మోనిత కపటము కలదు. దీప ఇల్లు విడిచి వంటపనితో పొట్ట పోసికొనును. పుట్టిన కవలలలో ఒకతె తల్లి యొద్దను, మఱియొకతె తండ్రి యింటను పెరుగుదురు. కథాసంవిధానమున నిది ఉత్తరకాండ యని వేఱుగా చెప్ప నక్కఱలేదు. గర్భవతి పరిత్యాగము, కవలలు, ఏండ్ల యెడబాటు, అన్నియు నున్నవి. ఐనను ఒక ముఖ్యభేదము కలదు. ఉత్తరకాండలోని రాముడు సీత నిర్దోషి యని యెఱుగును, శంక లోకమునది. కార్తీక్ కథలో శంక భర్తదే. కావున రాముని విషయమున ధర్మసంకటమైనది ఇతని విషయమున వట్టి మూర్ఖత్వమైనది. కథ యెంత సాగినను ప్రేక్షకుని మనసు ఈ చోటనే తగులుకొని నిలిచినది.

తెలుగుదేశమంతట ప్రేక్షకులడిగిన ప్రశ్న యొక్కటే. యాడికిలో దాని రూపమిది: 'డాక్టరై ఉండి ఆయప్ప ఒగ డీఎన్ఏ పరీక్ష చేపిచ్చుకోలేడా?' క్షేమేంద్రుని మాటలో చెప్పవలెనన్న ఇది అనౌచిత్య దోషమును పట్టుటయే. వైద్యుడనిన పాత్రకు వైద్యమునకు సంబంధించిన తెలివి లేకుండుట ప్రకృత్యనౌచిత్యము. ఈ పరీక్ష జరిగిన కథ ఆ దినముననే ముగియును గనుక జరుగదు. వారమునకు ఆఱు దినములు నడువవలసిన వ్యాపారము కథను ఆపి పట్టుకొన్నది. ప్రేక్షకులు హేళనగా అడిగిన ప్రశ్నలో ఎంతటి అలంకారశాస్త్రమున్నదో వారెఱుగరు, మనమును ఎఱుగమనినట్లే యుంటిమి.

యాడికి అనంతపురం జిల్లాలో తాడిపత్రికి చేరువనున్న మండల కేంద్రము. గుంతకల్లునుండి రేణిగుంటకు పోవు రైలుమార్గమున ఈ మండలములోని రాయలచెరువు స్టేషను కలదు. జిల్లా సాలుసరి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. మెట్టపైరులలో శెనక్కాయ ముఖ్యమైనది. అది పండనినాడు జనము కూలికి బెంగుళూరు దారి పట్టుదురు. మా తరగతిలో ఎం.ఏ. చదివిన ఒక విద్యార్థినిది ఈ యూరు. తన పేరు ప్రకటింపవలదని ఆమె కోరినది. ఆమె మాకు చూపిన నోటుపుస్తకము గీతల కాగితములది. ముందుభాగమున ఇంటర్మీడియటు వృక్షశాస్త్రపు పాఠములు. పుస్తకమును తలక్రిందులు చేసి వెనుకనుండి తెఱచిన కథ మొదలగును. ఇంటిలో ఎవరైన చేతబట్టినను ఆకుల బొమ్మలే కనబడవలెనని అట్లు చేసినదట.

మొదటి పుటపై 2020 ఏప్రిల్ అని కలదు. ఈ తేదీ సామాన్యమైనది గాదు. ఆ మార్చిలో కరోనా కారణమున దేశమంతట రాకపోకలు నిలిచెను. ధారావాహికల చిత్రీకరణలు నిలిచెను. జూన్ వఱకు క్రొత్త భాగములు లేకపోయెను. అదే సమయమున దూరదర్శన్ మార్చి 28 నుండి పాత 'రామాయణ్' ను, ఏప్రిల్ 19 నుండి 'ఉత్తర రామాయణ్' ను మఱల ప్రసారము చేసెను. అనగా ఆ యింట ఒక సీత కథ నడుమ తెగియున్నది. మఱియొక సీత కథ తుదివఱకు నడచినది. సాధారణ దినములలో ప్రేక్షకుడు రేపు జరుగబోవుదానిని ఊహించినను, మఱునాటి సాయంకాలము ఆ ఊహను కొట్టివేయును. ఇరువది నాలుగు గంటలలో ఏ కథ పెరుగును? వారపత్రికలలో నవలలు ధారావాహికలుగా వచ్చిన కాలమున పాఠకునకు ఏడు దినముల గడువుండెడిది. ఇతర కారణములతో పాటు ఇదియు నాటి పాఠకులను రచయితలను చేసి యుండును. 2020లో ఆ గడువు రెండు నెలలకు పైగా పెరిగినది. ఊహకు ప్రతివాది లేకపోయెను.

నోటుపుస్తకపు మొదటి రెండు పుటలు కథ గావు, అభియోగపత్రము. ఆయన అడగాల్సింది, ఈమె చెప్పి ఉండాల్సింది, అత్తగారు ఊరుకోకుండా ఉండాల్సింది అను ధోరణి. మూడవ పుటలో మొదటి వాక్యము 'దీప ఆ రోజు ఊరికి బస్సెక్కి ఉంటే' అని మొదలైనది. 'ఎక్కి ఉంటే' అను మాటలు కొట్టివేయబడినవి. వాని మీద 'ఎక్కింది' అని వ్రాయబడినది. దాని తరువాత పుస్తకాంతము వఱకు కథకురాలి మాటలలో చేదర్థకము గాని, 'ఉండాల్సింది' యను మాట గాని మాకు కనబడలేదు. ఎందుకు కొట్టివేసితివని మేమడుగగా ఆమె యిచ్చిన సమాధానము: 'ఉంటే అని రాస్తే ఎవురినో అడుక్కున్నట్ల ఉంది సార్. అందుకే కొట్టేసినా.' చిన్నయసూరి సూత్రములు చదువక పూర్వమే ఆమెకు ఈ క్రియారూపముల బలాబలములు తెలిసినవి.

దీప ఎక్కిన బస్సు యాడికికి వచ్చును. ఆమె బస్టాండు దగ్గఱ ఉగ్గాని, బజ్జీ అమ్ము చిన్న హోటలు పెట్టును. ధారావాహికలోని వంటలక్క యేమి వండునో మనకు స్పష్టముగా తెలియదు; ఇచట బొరుగులు నానబెట్టు పద్ధతి మొదలు పప్పులపొడి కలుపుట వఱకు ఉన్నది. కొంచెము ఎక్కువగనే యున్నది. ధారావాహికలో వాన కురియునది నాయిక యేడ్చుటకే. నోటుపుస్తకమున వాన కురియకుండుటయే కథను నడుపును. శెనక్కాయ పోయినది, ఊరిలో డబ్బు ఆడుట లేదు, హోటలునకు వచ్చువారు అప్పు పెట్టుచున్నారు, దీప హోటలునకు తాళము వేసి బిడ్డతో బెంగుళూరు రైలెక్కును. పశ్చాత్తాపముతో ఆమెను వెదకుచు వచ్చిన కార్తీక్‌నకు తాళము మాత్రము దొరకును. ప్రేమకథలలో నాయకుడు ఆలస్యముగా వచ్చుట పాత సంగతియే. కాని ఇచట అతని ఆలస్యమునకు కారణము విధి గాదు, కఱవు. ధారావాహిక రచయితలకు ఈ కారణము తోచు అవకాశము లేదు. యాడికి పిల్లకు అన్యకారణము తోచు అవకాశము లేదు.

భాషా విషయమున గూడ ఒక విశేషము. దీప కార్తీక్‌తో మాటలాడునప్పుడు టెలివిజన్ తెలుగే మాటలాడును. కోపము వచ్చినప్పుడు మాత్రము యాడికి మాటలోనికి జాఱును. ఇది వ్రాయు నామె తెలిసి చేసిన పని కాదు. అడుగగా సిగ్గుపడి దిద్దెదననినది. వలదని మేమే వారించితిమి.

కథలో కార్తీక్ ఆసుపత్రియందు యాడికి నుండి వెళ్ళిన నర్సు ఒకతె కలదు. ధారావాహికలో లేని పాత్ర. ఈమెకు అన్నియు తెలియును, అందఱును ఈమె మాట విందురు, మోనిత సయితము ఈమెకు జంకును. ఇట్టి పాత్ర ప్రపంచమందంతట కథాపూరకుల రచనలలో కానవచ్చును. అమెరికాలో 'స్టార్ ట్రెక్' ధారావాహిక 1966 నుండి 1969 వఱకు నడచినది. దాని ప్రేక్షకుల తొలి పత్రిక 'స్పాకనేలియా' 1967లో వెలువడెను. అట్టి పత్రికలలో వచ్చు సర్వసమర్థురాలగు నాయికను పరిహసించుచు పౌలా స్మిత్ 1973లో 'మేరీ సూ' అను పాత్రను సృష్టించెను. నాటినుండి ఆ పేరు నిందావాచకమై నిలిచినది. కాని మన ప్రాంతపు విమర్శకునకు నర్సును చూడగానే మేరీ సూ కంటె ముందు జుట్టుపోలిగాడు, బంగారక్క తలపునకు రావలెను. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు నెలవు. ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పొందెను. తోలుబొమ్మల రామాయణమున రావణుని కొలువు నడుచుచుండగా పోలిగాడు, బంగారక్క తెఱమీదికి దూకి ఊరి యాసలో కలహించుకొందురు. వారు వాల్మీకికి తెలియరు, ఊరికి తెలియుదురు. మహాకథలోనికి తమవారి నొకరిని పంపి చూచుకొనుట ఈ పీఠభూమికి క్రొత్త గాదు. నర్సు లోపమెల్ల ఆమె నవ్వింపకుండుట.

ఈ నర్సే పరీక్ష జరిపించును. ఫలితము కవరులో దీప చేతికి వచ్చును. మొదటి పుటనుండి ప్రేక్షకురాలు కోరినది ఇదియే గదా! కాని దీప కవరును తెఱువదు. పరీక్షలో గెలిచిన మఱల మఱియొక పరీక్ష పెట్టునని చెప్పి దానిని బియ్యపు డబ్బాలో అడుగున దాచును. కథ ముగియువఱకు అది అచటనే యుండును.

ఈ ఘట్టమే మమ్ములను ఈ వ్యాసమునకు పురికొల్పినది. పరీక్ష చేయింపలేదేమను అభియోగముతో బయలుదేరిన రచన, పరీక్షయే అన్యాయమను స్థానమునకు చేరినది. అగ్నిప్రవేశము చేసిన సీతను మఱల సభలో నిజము నిరూపించుకొమ్మనగా ఆమె భూమిని కోరుట ఆ వేసవిలో ఈ బాలిక తెఱపై చూచినది. ఓల్గా 'విముక్త' (2010) ఆమె అప్పటికి చదువలేదు, పేరైన వినలేదు. ఉత్తరము వ్రాసియున్నచో ఆమె పరీక్షను కోరి ముగించెడిది. కథ వ్రాసినది గావున, చేతికి వచ్చిన కవరుతో దీప ఏమి చేయునో చూడవలసి వచ్చినది. భూతార్థకమునకు మాఱుటవలన కలిగిన ఫలమిది. కొట్టివేసిన ఆ 'ఉంటే' లో ప్రేక్షకురాలికి తెలియని సంగతి యొకటి 'ఎక్కింది' తరువాత రచయిత్రికి తెలిసినది. మంచి విమర్శ చేయు పనియు నింతకంటె వేఱు గాదు.

తనవంటివారు వేఱే కలరని ఆమెకు తెలిసినది మా తరగతిలో. అప్పటికామె ఈ పనిని ఒక రహస్యపు చేష్టగానే భావించెను. స్త్రీల రామాయణపు పాటలు పాఠ్యముగా నున్నవి. వాల్మీకి దాదాపుగా పలుకక విడిచిన ఊర్మిళను స్త్రీలు పదునాలుగేండ్లు నిద్రపుచ్చిరి. తిరిగి వచ్చిన భర్తను ఆమె నిద్రమత్తులో పరపురుషుడని తలచి మందలించునట్లు చేసిరి. ఠాగూరు ఊర్మిళను కావ్యములు ఉపేక్షించినవారిలో చేర్చి వ్యాసము వ్రాసెను. మైథిలీశరణ్ గుప్త 1931లో 'సాకేత్' రచించెను. మన స్త్రీలు ఏ వ్యాసమునకును కాచుకొనక దంచుచు, విసరుచు ఆ పని చేసికొనిరి. పాఠము ముగిసిన పిమ్మట ఈ విద్యార్థిని వచ్చి, 'సార్, ఇది నేను చేసిండేదే కదా' అనెను. మాకు మొదట అర్థము గాలేదు. మఱునాడు నోటుపుస్తకము తెచ్చెను.

ఇట్టి రచన పరులసొమ్మని ఆక్షేపించువారు కలరు. పాత్రలు ఛానలువారివి, పేర్లు వారివి, కష్టమును వారిదే యందురు. హెన్రీ జెంకిన్సు 1992లో వెలువరించిన గ్రంథమున ఇట్టి ప్రేక్షకులను పరుల యడవిలో దొంగవేట యాడువారితో పోల్చెను. ఆ పోలిక మిషెల్ ద సెర్తోనుండి గ్రహించినది. నిందగా గాక మెచ్చుకొనుచు చేసిన పోలికయే యైనను, జమీందారుల వేటయడవులున్న దేశమున అది పుట్టినది. మన చేలకు పరిగె యను మాట కలదు. శెనక్కాయ పెఱికిన పిమ్మట మట్టిలో మిగిలిన కాయలను బీదలు ఏఱుకొందురు. రైతు చూచియు చూడనట్లుండును. అది దొంగతనము గాదు. పైరుపై హక్కును గాదు. కోత ముగిసినదాక ఆగుట, మిగిలినదానినే తీసికొనుట, అమ్మకమునకు గాక కడుపునకు తీసికొనుట అందలి మర్యాద. ఈ నోటుపుస్తకము చేసినది పరిగె యేఱుట. కథకుడు కనక విడిచిన కాయలే ఇందున్నవి. అట్టి రచనను అచ్చువేసి అమ్మినప్పుడు మర్యాద మాఱును. ఆ వివాదము న్యాయస్థానములది. మన వంశమున మాత్రము పరిగె యేఱినవారికి కొదువ లేదు. 'కన్యాశుల్కము' నుండి గిరీశమును తీసికొని ముళ్ళపూడి వెంకటరమణ 'గిరీశం లెక్చర్లు' వ్రాసెను. రంగనాథ రామాయణములోని ఉడుతయు, సులోచనయు వాల్మీకి చేలో పండినవారు కారు.

ఇక ఛానలువారు సయితము తమ కథకు తామే పూరకులై యుండుట తమాషా. 2022 మార్చిలో కార్తీక్, దీపల పాత్రలను ప్రమాదమున అంతము చేసి, కూతుండ్ర కథను నడిపిరి. ప్రేక్షకులు సహింపలేదు. కొన్ని నెలలకే ఇద్దఱును బ్రదికి వచ్చిరి. ఆర్థర్ కానన్ డాయిల్ 1893లో చంపిన షెర్లాక్ హోమ్సును 1903లో బ్రదికించుటకు పదేండ్లు పట్టినది. మనవారికి అంత ఓపిక లేదు. 2024 మార్చిలో మొదలైన 'కార్తీక దీపం – ఇది నవ వసంతం' లో ఆ నటులే, ఆ పేర్లే. కథ మాత్రము వేఱు. ఉన్న పాత్రలను మఱియొక లోకమున నిలిపి చూచుట కథాపూరకులలో ప్రసిద్ధమైన ప్రక్రియ. అదే పనిని జీతము పుచ్చుకొని చేసిన రచన, చాటుగా నోటుపుస్తకమున చేసిన కాలక్షేపము!

నోటుపుస్తకమును ఉత్తమ సాహిత్యమని మేమనుట లేదు. మోనిత ఇచటను వట్టి దుష్టయే. దీపకు జరిగిన అన్యాయమును అంత సూక్ష్మముగా కనిన కన్ను మోనిత వైపు తిరుగలేదు. కవల లిద్దఱును ఒక్కతీరుగ మాటలాడుదురు. బెంగుళూరు భాగము విని వ్రాసినట్లున్నది, కని వ్రాసినట్లు లేదు. కట్టడపు పనిచోట కూలివారి దినచర్య రెండు వాక్యములలో ముగియును, ఉగ్గానికి పుటయున్నర. నడుమ నలువది పుటలలో ధారావాహికల దుర్గుణమైన సాగదీత ఈమెకును అంటినది. ఒకే సంభాషణ మూడు మార్లు వచ్చును. కాని ఈ దోషములను చెప్పుటకు సయితము ముందు దీనిని చదువవలెను గదా.

కృష్ణశ్రీ సంపాదకత్వమున 'స్త్రీల రామాయణపు పాటలు' ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ప్రకటింపకున్నచో, ఆ పాటలలో ఎన్ని మిగిలెడివో చెప్పలేము. వెల్చేరు నారాయణరావు 1991లో ఆ పాటలపై వ్యాసము వ్రాయుటకు ఆ సంపుటము ఆధారమైనది. అవి నోటనున్నవి గావున కొన్ని తరములు నిలిచినవి. నోటుపుస్తకములకు ఆ భాగ్యమును లేదు. పెండ్లియై పోవు పిల్ల పాఠ్యపుస్తకములతో పాటు వీనిని పాతకాగితముల వానికి వేయుదురు. కిలోకు ఇంతయని తూచుకొని పోవును. మా యెఱుకలో ఒక్క యాడికి నుండియే, ఈమె చెప్పినదానిని బట్టి, ఇట్లు వ్రాసికొను స్నేహితురాండ్రు మఱి యిద్దఱు కలరు. ఒకతె పుస్తకము ఇప్పటికే పోయినది. పరిశోధక విద్యార్థులు తమ తమ యూళ్ళలో అడిగి చూచిన ఎన్ని బయటపడునో! అడుగునప్పుడు ధారావాహికను వెక్కిరింపకుండుట ముఖ్యము. వెక్కిరించినవానికి ఎవ్వరును పుస్తకము చూపరు. పేర్లు వెల్లడింపమని మాట ఇచ్చి, ఆ మాటను నిలుపుకొనుట అంతకంటె ముఖ్యము. తేదీలను, కొట్టివేతలను ఉన్నవున్నట్లు నకలు తీయవలెను, తప్పులు దిద్దరాదు. 'ఎక్కి ఉంటే' అను కొట్టివేత శుద్ధప్రతిలో మాయమైయున్నచో ఈ వ్యాసమే లేదు.

ఆమె సమ్మతితో మొదటి నోటుపుస్తకమునకు, వృక్షశాస్త్రపు పుటలతో సహా, ప్రతిచ్ఛాయ తీయించి శాఖా గ్రంథాలయమున భద్రపఱచితిమి. మూలప్రతిని తిరిగి ఇచ్చివేసితిమి. ధారావాహిక 2023 జనవరిలో ముగిసిన పిమ్మట మొదలుపెట్టిన రెండవది ఆమె యొద్దనే కలదు. అది పూర్తికాలేదనినది, చూపుమని మేము అడుగలేదు.